ఖాళీగా వదిలిన గడి

ఫిబ్రవరి పదకొండు, మధ్యాహ్నం ఒకటీ నలభై.
కుహ్మోకి ఉత్తరాన, మ్యాపులో పేరు కూడా లేని ఓ చిన్న సరస్సు.
గట్టు మీద ఎండిన స్ప్రూస్ చెట్లని లెక్కపెట్టి రమ్మని
నేను పంపిన డ్రోన్
నలభై మీటర్ల ఎత్తులో
చెప్పబోయిన మాట మరిచిపోయినట్టు ఒక్క క్షణం ఆగి
పడిపోయింది.

కిలో బరువు కూడా లేదు.
గడ్డకట్టిన నీటి మీద అది చేసిన చప్పుడు
కంచం జారినంత.

కాకపోతే అక్కడ వైక్కో మొయిలానెన్ ఉన్నాడు.
మంచుకి బెజ్జం పెట్టి, ముక్కాలి పీట మీద,
ఎనభై ఏళ్ళ ఓపికని గాలానికి గుచ్చి కూర్చున్నాడు.
డ్రోన్‌కీ ఆయనకీ మధ్య
ఒక కాఫీ ఫ్లాస్కు,
ఒక జత చేతితొడుగులు,
మూడు చేపలు.
అంతే దూరం.
నేను రొప్పుతూ చేరేసరికి
విరిగిన రెక్కని నా చేతిలో పెట్టి
"నీదేనా?" అన్నాడు.
తర్వాత పీటని
జానెడు పక్కకి జరుపుకున్నాడు.

డెబ్బై రెండు గంటల్లోగా తెలపాలని రూలు.

మొదటి రోజు రెక్క మార్చాను.
రెండో రోజు మా యజమాని ఇల్పో అన్నాడు:
"ఎవరికైనా దెబ్బ తగిలిందా? లేదు కదా.
చూసిందెవరు? ఆ ముసలాయనా?
ఆయన ఇంట్లో పెళ్ళానికి కూడా చెప్పడు.
కొరివితో తల గోక్కోవడం దేనికి?"

మూడో రోజు రాత్రి ఫారం తెరిచాను.
గాయపడినవారు: సున్నా.
ఆస్తి నష్టం: సున్నా.
సున్నాలు పెట్టడం ఎంత తేలికో,
చలిలో వదిలిన ఊపిరిలా
వాటంతట అవే గుండ్రంగా వస్తాయి.

చేరువలో ఎవరైనా ఉన్నారా?
"లేరు" అని కొట్టాను.
చెరిపాను.
"ఒకరు" అని కొట్టాను.
ఎంత దూరంలో? మీటర్లలో రాయమంది.
ఫ్లాస్కుకి మీటర్లెన్నో నాకేం తెలుసు?
వంటింట్లోకి వెళ్ళి
మా ఫ్లాస్కునీ, తొడుగుల్నీ,
చేపలు లేవు కనుక మూడు గరిటెల్నీ
నేల మీద వరసగా పరిచి
టేపు పెట్టి కొలిచాను.
ఒకటీ పాయింట్ రెండు.
ఆ అంకె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాక
అప్పుడు, మూడు రోజులు ఆలస్యంగా,
నాకు వణుకు పుట్టింది.

ఇంకో గడి ఉంది:
ఎగరడానికి ముందు బ్యాటరీ ఉష్ణోగ్రత.
దాన్ని ఖాళీగా వదిలేసి పంపించాను.
మర్చిపోయి కాదు.

జవాబుగా ఒక నంబరు వచ్చింది.
నంబరు తర్వాత ఎనిమిది వారాల మౌనం.
"బావిలో రాయి వేశావు, చప్పుడైనా వినబడిందా?"
అని నవ్వాడు ఇల్పో.
ఏప్రిల్‌లో, సరస్సు మీది తెలుపు బూడిదరంగుకి తిరుగుతున్నప్పుడు,
హెల్సింకి ఆఫీసు నుంచి రైయా తుర్పెయినెన్ అనే ఆవిడ
రెండే వాక్యాలు రాసింది:
"మీరు ఖాళీగా వదిలిన గడి, అది చలివల్లేనా?
ఈ చలికాలం నాకిలాంటివి ఇంకో ఆరు వచ్చాయి."

ఆరు.
అంటే ఆరు వంటిళ్ళలో అర్ధరాత్రి దీపాలు.
సున్నా కొట్టి చెరిపిన ఆరుగురు.
చెరపనివాళ్ళెందరో
ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

రాశాను:
మైనస్ పద్దెనిమిది.
రాత్రంతా వ్యాన్ వెనక ఇనప్పెట్టెలో వదిలేశాను.
వెచ్చబెట్టడానికి ఇరవై నిమిషాలు పడుతుంది.
ఆ ఇరవై నిమిషాలూ నేను కాఫీ తాగాను.

తిట్టలేదు.
"థాంక్స్, ఇదే కావలసింది" అంది.
తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు బ్యాటరీని కోటు లోపల
పక్కటెముకలకి ఆనించి,
గూట్లోంచి జారిన పిట్టపిల్లని మోసినట్టు మోస్తాను.
వైక్కో ఈ ఏడూ అక్కడే ఉన్నాడు.
పీట మాత్రం ఆ జరిగిన జానెడు
వెనక్కి జరగలేదు.
"ఎగరేస్తున్నావా?"
"ఎగరేస్తున్నా."
తలెత్తి ఒకసారి పైకి చూసి
ఫ్లాస్కుని
దగ్గరికి లాక్కున్నాడు.